డీవీడీలు చదువుతోంది, సీడీలు రాస్తోంది, డీవీడీలు మాత్రం రాయలేకపోతోంది: లోపం డ్రైవ్‌దా, డిస్కులదా?

రాగమాలిక

అందరికీ నమస్కారం. నా డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో లోపల బిగించిన సాటా డీవీడీ రైటర్ ఒకటి ఉంది. ఆరేళ్ళుగా వాడుతున్నాను. మా అమ్మగారు పాడగా క్యాసెట్లలో రికార్డు చేసిన పాటలన్నిటినీ ఈమధ్యనే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మొత్తం ఆరు గంటలకు పైబడిన వేవ్ ఫైళ్ళు, పరిమాణం 4 గిగాబైట్లు. వాటిని డీవీడీల మీద రాసి తోబుట్టువులకు తలా ఒక కాపీ ఇవ్వాలని కూర్చుంటే, వారం రోజుల్లో ఐదు డీవీడీ-ఆర్ (ఒక్కసారే రాయగల) డిస్కులు పాడయ్యాయి. ఒక్కటి కూడా పూర్తి కాలేదు.

జరుగుతున్నది ఉన్నదున్నట్టు చెబుతాను. ఖాళీ డిస్కు పెట్టగానే డ్రైవ్ దాన్ని గుర్తిస్తుంది. 'బర్న్' నొక్కాక డిస్కు జోరుగా తిరిగి, కాసేపు నెమ్మదించి, మళ్ళీ జోరందుకుంటుంది. ఆ తర్వాత లోపల టిక్కు టిక్కుమని మూడు నాలుగు సార్లు చప్పుడవుతుంది. మూడు డిస్కుల విషయంలో సరిగ్గా అక్కడే 'పవర్ క్యాలిబ్రేషన్ ఏరియా ఎర్రర్' అని వచ్చి పని ఆగిపోయింది. మిగిలిన రెండూ బాగానే మొదలై, ఒకటి 61 శాతం దగ్గర, మరొకటి 78 శాతం దగ్గర 'రైట్ ఎర్రర్' అంటూ నిలిచిపోయాయి. ఈ రెండింటినీ దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూస్తే, లోపలి అంచు నుంచి రాసినంత మేర రంగు కాస్త ముదిరి వెడల్పాటి ఉంగరంలా కనిపిస్తోంది. మొదటి మూడింటి మీద కంటికి ఆనే గుర్తేదీ లేదు.

నాకు అంతుబట్టనిది ఏమిటంటే, ఇదే డ్రైవ్ సినిమా డీవీడీలను తడబడకుండా చదువుతోంది, నిన్ననే ఒక సీడీ-ఆర్ మీద 650 మెగాబైట్లు ఏ ఇబ్బందీ లేకుండా రాసింది. మొదట విండోస్‌లో ఉన్న సదుపాయంతోనే ప్రయత్నించాను, తర్వాత డిస్కులు రాసే ఇమ్‌గ్‌బర్న్ అనే ప్రోగ్రాము పెట్టుకున్నాను, దాన్ని తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ కూడా చేశాను. కొత్త డ్రైవ్ కొనక తప్పదని కొందరు, డ్రైవర్ల సమస్య అని మరికొందరు అంటున్నారు. కొనే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలని నా కోరిక. దయచేసి దారి చూపించగలరు.

సర్వీసుబల్ల

రాగమాలిక గారికి నమస్కారం. కంప్యూటర్ల మరమ్మతు నా వృత్తి. లక్షణాలను ఇంత వివరంగా రాసినందుకు ముందుగా ధన్యవాదాలు. 'డ్రైవ్ పనిచేయడం లేదు' అన్న ఒక్క ముక్కతో వచ్చే ప్రశ్నలే ఎక్కువ, వాటికి జవాబు చెప్పడం చీకట్లో సూది వెతకడమే.

సీడీలు రాస్తోంది, డీవీడీలు చదువుతోంది కనుక డ్రైవ్ బాగానే ఉండాలి కదా అన్నది మీ సందేహం. పైకి సబబుగానే ఉన్నా ఈ వాదన నిలవదు. డ్రైవ్ లోపల కదిలే ఆ చిన్న హెడ్‌లో సీడీకి, డీవీడీకి లేజర్లు వేర్వేరు. సీడీకి వాడేది 780 నానోమీటర్ల పరారుణ కాంతి, డీవీడీకి వాడేది 650 నానోమీటర్ల ఎర్రటి కాంతి. ఒకటి నీరసించినా రెండోది దిట్టంగా ఉండవచ్చు. పైగా చదవడం వేరు, రాయడం వేరు. చదివేటప్పుడు డిస్కు మీద పడి తిరిగివచ్చే కొద్దిపాటి వెలుతురును గమనిస్తే చాలు. రాసేటప్పుడు మాత్రం డిస్కు లోపలి రంగుపొరను అతి చిన్న చుక్కలుగా వేడెక్కించి, అక్కడ దాని గుణమే మారేటట్టు చేయాలి, అందుకు అంతకు ఎన్నో రెట్లు శక్తి కావాలి. వయసు మీరిన లేజర్ ముందుగా ఓడిపోయేది ఈ రెండో పనిలోనే.

ఇక మీకు కనిపించిన సందేశం సంగతి. రాయడం మొదలుపెట్టే ముందు డ్రైవ్ డిస్కు లోపలి అంచున అందుకోసమే కేటాయించిన ప్రదేశంలో రకరకాల శక్తి స్థాయులతో కొన్ని నమూనా గుర్తులు రాసి, తిరిగి తానే వాటిని చదివి, ఏ స్థాయిలో రాసినవి అన్నిటికన్నా స్పష్టంగా ఉన్నాయో చూసి ఆ స్థాయికి స్థిరపడుతుంది. మీరు గమనించిన ఆ ఆగి ఆగి తిరగడం చాలావరకు ఈ పరీక్షే. ఏ స్థాయిలోనూ తృప్తికరమైన గుర్తు పడకపోతే వచ్చేదే పవర్ క్యాలిబ్రేషన్ ఏరియా ఎర్రర్. దానికి కారణం తగినంత శక్తి ఇవ్వలేని లేజర్ కావచ్చు, లేదా ఎంత శక్తి ఇచ్చినా సరిగ్గా స్పందించని డిస్కు కావచ్చు. సందేశం ఒక్కటే, అనుమానితులు ఇద్దరు. వారిని విడదీయడమే ఇప్పుడు మన పని.

అందుకోసం ఈ వివరాలు కావాలి. ఇమ్‌గ్‌బర్న్‌లో ఖాళీ డిస్కు పెట్టినప్పుడు కుడివైపు పలకలో కనిపించే సమాచారంలో డిస్కు ఐడీ అని ఒక వరుస ఉంటుంది. అది డిస్కు తయారైనప్పుడే దాని మీద ముద్రించిన కోడ్. డ్రైవ్ ఫర్మ్‌వేర్, అంటే డ్రైవ్ లోపలే ఉండి దాన్ని నడిపించే ప్రోగ్రాము, ఆ కోడ్‌ను తన పట్టికలో వెతికి, ఆ రకం డిస్కును ఎలా రాయాలో తెలుసుకుంటుంది. పట్టికలో లేని డిస్కు ఎదురైతే అందరికీ వర్తించే సాధారణ పద్ధతితో సరిపెట్టుకుంటుంది, ఫలితం తరచుగా బాగుండదు. ఆ కోడ్, డ్రైవ్ ఫర్మ్‌వేర్ సంఖ్య, విఫలమైనప్పటి లాగ్‌లో (ఇమ్‌గ్‌బర్న్ రాసుకునే చిట్టాలో) చివరి పది వరుసలు ఇక్కడ రాయండి. ఆ డిస్కులు ఎంత పాతవో, ఎక్కడ ఉంచారో కూడా చెప్పండి. వీలైతే వేరే తయారీదారు డిస్కులు రెండు మూడు, డీవీడీ+ఆర్ అనే మరో రకానివి, సంపాదించి వాటితో ప్రయత్నించండి. ఒక్క మనవి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. డిస్కు, వేగం, కేబుల్ మూడూ ఒకేసారి మార్చి, పని జరిగితే, దేనివల్ల జరిగిందో మనకు తెలియదు.

నీలిఅద్దం

నాకూ రెండేళ్ళ క్రితం ఇలాగే డ్రైవ్ మొండికేసింది. డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ పేరు పక్కన పసుపు గుర్తు, దాని మీద నొక్కితే కోడ్ 39 అని ఉండేది. విండోస్ అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో సీడీ డ్రైవ్‌ల విభాగంలో ఉన్న అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే రెండు విలువలను తొలగించి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసిన వెంటనే సమస్య తీరిపోయింది. రాగమాలిక గారు కూడా అది చేసి చూడవచ్చు. దానితో పాటు లెన్స్ శుభ్రం చేసే డిస్కు, అంటే చిన్న బ్రష్షులు అతికించి ఉండేది, ఒకసారి తిప్పండి. రాసే వేగం కూడా ఎంత తగ్గిస్తే అంత మంచిది కనుక 2ఎక్స్‌లో, అంటే డీవీడీ మూల వేగానికి రెండింతల్లో, పెట్టండి.

పాతకీబోర్డు

నీలిఅద్దం గారు తమ అనుభవాన్ని పంచుకున్నందుకు సంతోషం. అయితే రాగమాలిక గారి విషయంలో ఆ మూడు సలహాలతోనూ నేను ఏకీభవించలేకపోతున్నాను. ఎందుకో వివరిస్తాను, ఎందుకంటే ఈ సమస్యతో వచ్చే ప్రతి ఒక్కరికీ మొదట చెప్పే మాటలు ఇవే.

రిజిస్ట్రీలోని ఆ ఫిల్టర్ల సమస్య ఉంటే డ్రైవ్ విండోస్‌కు సరిగ్గా కనిపించదు, లేదా కనిపించినా రైటర్‌గా గుర్తింపు పొందదు. ఇక్కడ డ్రైవ్ కనిపిస్తోంది, సీడీ రాసింది, పైగా క్యాలిబ్రేషన్ కుదరలేదన్న కబురు పంపింది డ్రైవే. విండోస్ దాన్ని మనకు చేరవేసింది, అంతే. కబురు తెచ్చినవాడిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. అంతేకాక ఆ ఫిల్టర్లలో కొన్నిటిని ఇతర ప్రోగ్రాములు తమ అవసరం కోసం పెట్టుకుంటాయి. తొలగిస్తే అవి డిస్కులు రాయలేకపోవచ్చు. విండోస్ మీద అనుమానం పూర్తిగా తీరాలంటే దానికి సురక్షితమైన దారి ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి ఏదైనా లినక్స్‌ను నేరుగా నడిపించి, కే3బీ వంటి ప్రోగ్రాముతో అదే డిస్కు మీద రాసి చూడండి. అక్కడా అదే చోట ఆగితే సాఫ్ట్‌వేర్‌ను ఈ చర్చ నుంచి విడుదల చేయవచ్చు.

బ్రష్షుల డిస్కు గురించి నాకు నిజంగా భయం. లెన్స్ సన్నటి తీగల మీద వేలాడుతూ ఉంటుంది, ఫోకస్ కోసం సెకనుకు లెక్కలేనన్నిసార్లు పైకీ కిందికీ కదులుతుంది. వేగంగా తిరిగే డిస్కుకు అంటించిన కుంచె దాన్ని కొడుతూ పోవడం ఎవరికి మేలు చేస్తుందో నాకు అర్థం కాదు. దుమ్ము ఉందనిపిస్తే ట్రే తెరిచి చేతిపంపు బ్లోయర్‌తో మెల్లగా గాలి ఊదితే చాలు. నోటితో ఊదకూడదు, తుంపరలు పడతాయి.

వేగం విషయంలో 'ఎంత తక్కువైతే అంత మంచిది' అన్న మాట పాత సీడీల కాలం నుంచి వచ్చింది. 16ఎక్స్ కోసం తయారైన డీవీడీ రంగుపొర ఆ వేగానికి తగినట్టు కుదిర్చినది. దాన్ని మరీ నెమ్మదిగా రాస్తే గుర్తులు అలుక్కుపోయే అవకాశం ఉంది. చాలా డ్రైవ్‌లు ఆ డిస్కుల మీద 2ఎక్స్‌ను అసలు అనుమతించవు, మీరు అడిగినా తమకు తెలిసిన దగ్గరి వేగానికి వెళ్ళిపోతాయి. నా అనుభవంలో 16ఎక్స్ డిస్కుకు 8ఎక్స్ బాగా నప్పుతుంది.

61, 78 శాతాల దగ్గర ఆగిన డిస్కుల గురించి ఒక మాట. డేటా లోపలి నుంచి బయటి అంచు వైపు రాయబడుతుంది. 16ఎక్స్‌లో రాసే డ్రైవ్ మొదటి నుంచీ 16ఎక్స్‌లో రాయదు, లోపల 6ఎక్స్, 7ఎక్స్ ప్రాంతంలో మొదలై బయటి అంచుకు చేరేసరికి ఆ వేగాన్ని అందుకుంటుంది. డీవీడీకి ఒక ఎక్స్ అంటే సెకనుకు సుమారు 1.385 మెగాబైట్లు, కనుక 16ఎక్స్ అంటే సుమారు 22 మెగాబైట్లు. ఒక్కో గుర్తు వేయడానికి దొరికే సమయం ఆ మేరకు తగ్గిపోతుంది, లేజర్ ఇవ్వవలసిన శక్తి పెరుగుతుంది. సరిగ్గా అక్కడే డిస్కు వంపులు, రంగుపొర మందంలోని హెచ్చుతగ్గులు, వేలిముద్రలు ఎక్కువగా ఉంటాయి. కాబట్టి సగం దాటాక ఆగడానికీ మొదట్లోనే ఆగడానికీ మూలం ఒకటే అయి ఉండవచ్చు. ఒకవేళ హార్డ్ డిస్కు డేటాను సకాలంలో అందించలేకపోతే లాగ్‌లో బఫర్ (రాయబోయే డేటాను కాసేపు నిలవ ఉంచే చోటు) ఖాళీ అయిన ఆనవాళ్ళు కనిపిస్తాయి. ఈనాటి డ్రైవ్‌లు అలాంటప్పుడు ఆగి, తిరిగి అక్కడి నుంచే అందుకుంటాయి. దానివల్ల డిస్కు పాడవడం చాలా అరుదు.

ఇదే సమస్యతో ఇక్కడికి వచ్చే ఇతరుల కోసం ఒక చిన్న విషయం. మీది యూఎస్‌బీకి తగిలించే పలుచటి డ్రైవ్ అయితే, అన్నిటికన్నా ముందు కరెంటును అనుమానించండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వవలసినది 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900. రాసే సమయంలో డ్రైవ్ అడిగేది ఆ హద్దును తాకుతుంది. హబ్ తీసేసి, కంప్యూటర్ వెనుక వైపు పోర్టుకు పొట్టి కేబుల్‌తో నేరుగా కలిపితే ఎన్నో 'చచ్చిపోయిన' డ్రైవ్‌లు లేచి కూర్చోవడం చూశాను.

రాగమాలిక

మీ అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులు ఓపిక పట్టి, ఒకసారికి ఒక్క మార్పే అన్న నియమాన్ని తప్పకుండా పరీక్షలు చేశాను.

లాగ్‌లో మొదటి మూడు వైఫల్యాలకూ 73 03 అనే సంఖ్యలు, అంటే ఆ పవర్ క్యాలిబ్రేషన్ ఎర్రర్ కోడే, ఉన్నాయి. డిస్కు కోడ్ చూసి ఆశ్చర్యపోయాను. డబ్బా మీద ఉన్న పేరు ఒకరిది, కోడ్ సూచిస్తున్న తయారీదారు మరొకరు. 50 డిస్కుల ఆ డబ్బా నా దగ్గర రెండేళ్ళుగా ఉంది. దాన్ని కిటికీ పక్క అరలో ఉంచాను, మధ్యాహ్నం ఎండ నేరుగా అక్కడే పడుతుంది. పారదర్శకంగా ఉండే మూత కావడంతో పై డిస్కులకు ఎండ బాగా తగిలి ఉంటుంది.

లినక్స్‌లో కే3బీతో పాత డిస్కు ఒకటి రాసి చూశాను, క్యాలిబ్రేషన్ దగ్గరే ఆగింది. పాత డిస్కునే విండోస్‌లో 8ఎక్స్‌లో ప్రయత్నించాను, అదే ఫలితం. తర్వాత పాత డబ్బాలోవే రెండు డిస్కులు తీసుకువెళ్ళి మిత్రుడి కంప్యూటర్‌లో పెడితే, అక్కడ ఒకటి పూర్తయింది, రెండోది ఆగిపోయింది. ఇమ్‌గ్‌బర్న్‌లో టెస్ట్ మోడ్ పెట్టి నా డ్రైవ్‌లో పాత డిస్కు నడిపిస్తే మాత్రం ఏ ఎర్రరూ లేకుండా చివరి దాకా వెళ్ళింది. ఇది నాకు అర్థం కాలేదు.

ఇక కొత్త డీవీడీ+ఆర్ డిస్కులు. మొదటిదాన్ని 8ఎక్స్‌లో రాశాను. చివరి దాకా రాసింది, రాసినదాన్ని తిరిగి చదివి సరిపోల్చే వెరిఫై కూడా పూర్తయింది. ఆ ఆనందంలో రెండోదాన్ని 16ఎక్స్‌లో పెట్టాను. రాయడం పూర్తయిందన్నది కానీ, వెరిఫై చేస్తుండగా చివరి భాగంలో, దాదాపు 3.6 గిగాబైట్ల తర్వాత, చదవలేకపోతున్నట్టు వరుసగా ఎర్రర్లు వచ్చాయి.

ఇంకో చిక్కు. 8ఎక్స్‌లో రాసిన ఆ మంచి డిస్కును మా చెల్లెలికి ఇస్తే, ఆమె ఇంట్లో టీవీకి కలిపిన ప్లేయర్‌లో ఒక్క పాట కూడా రావడం లేదట. కంప్యూటర్‌లో అన్నీ బాగా వినిపిస్తున్నాయి. ఇది కూడా రైటింగ్ లోపమేనా?

సర్వీసుబల్ల

ఇంత శ్రద్ధగా పరీక్షించేవారికి జవాబివ్వడం నాకు ఎంతో సంతోషం.

ముందుగా టెస్ట్ మోడ్ చిక్కు విప్పుతాను. ఆ మోడ్‌లో డ్రైవ్ అన్ని పనులూ చేస్తున్నట్టే నడుస్తుంది కానీ, లేజర్‌ను రాసే శక్తికి పెంచదు. డిస్కు మీద గుర్తు పడదు. కనుక డేటా సకాలంలో అందుతోందా లేదా అన్నది తేలుతుంది గానీ, లేజర్ గురించి, రంగుపొర గురించి అది చెప్పగలిగేది ఏమీ లేదు. డీవీడీ+ఆర్ డిస్కులకైతే ఆ సదుపాయమే ఉండదు.

మీ ఫలితాలను కలిపి చూస్తే నా నిర్ణయం ఇది. పాత డబ్బా మొదటి దోషి. మరో మంచి డ్రైవ్‌లో కూడా రెండింటిలో ఒకటి ఓడిపోవడమే అందుకు సాక్ష్యం. ఆ రంగుపొర కాంతికి స్పందించేలా తయారైన పదార్థం, రెండేళ్ళ ఎండ దాని మీద తన పని తాను చేసింది. మీ డ్రైవ్ లేజర్ పూర్తిగా చెడిపోలేదు, చెడిపోయి ఉంటే కొత్త డిస్కు 8ఎక్స్‌లో వెరిఫై దాకా వచ్చేది కాదు. అయితే కొత్తదాని పటుత్వం కూడా దానికి లేదు. బయటి అంచున, వేగం హెచ్చాక, అది గుర్తులను సరిగ్గా వేయలేకపోతోంది. రెండో డిస్కు చూపించింది అదే. అందువల్ల ఇప్పుడే కొత్త డ్రైవ్ కొననవసరం లేదు. వేగాన్ని 8ఎక్స్‌కు స్థిరంగా పెట్టుకోండి, ఆటోమేటిక్ అన్న ఎంపికను వదిలేయండి. తయారీదారు మీ డ్రైవ్‌కు కొత్త ఫర్మ్‌వేర్ విడుదల చేసి ఉంటే అది సరిగ్గా మీ మోడల్ సంఖ్యకే చెందినదని రూఢి చేసుకుని వేసుకోవచ్చు. ఒక్క అక్షరం తేడా ఉన్నా వేయకండి. 8ఎక్స్‌లో కూడా కొత్త డిస్కులు ఓడిపోవడం మొదలైన రోజున డ్రైవ్ మార్చండి.

మీ చెల్లెలి గారి ప్లేయర్ సంగతి వేరు, అది రైటింగ్ లోపం కాదు. మీరు రాసింది వేవ్ ఫైళ్ళున్న డేటా డిస్కు. టీవీ ప్లేయర్లలో చాలావాటికి డేటా డిస్కు మీద ఎంపీ3 తెలుస్తుంది గానీ వేవ్ తెలియదు. ఆమెకు వినడానికి ఆడియో సీడీలు చేసి ఇవ్వండి, చాలా ప్లేయర్లలో అవి పలుకుతాయి. ఒక్కో సీడీకి 80 నిమిషాలు పడతాయి కనుక ఆరు గంటల పైచిలుకు పాటలకు ఐదు సీడీలు సరిపోతాయి. మీ డ్రైవ్ సీడీ లేజర్ బాగానే ఉందని మీరే నిరూపించారు. డిస్కును తప్పకుండా ఫైనలైజ్ చేయండి, అంటే ఇక రాయడం ముగిసిందని మూసేయండి, చేయకపోతే ప్లేయర్ దాన్ని చదవలేకపోవచ్చు.

మరొక్కటి. వెరిఫై పూర్తయ్యాక డిస్కును బయటికి తీసి, మీ మిత్రుడి డ్రైవ్ వంటి వేరే డ్రైవ్‌లో కూడా ఒకసారి ఫైళ్ళన్నీ కాపీ చేసి చూడండి. రాసిన డ్రైవ్ తన రాతను తాను చదవగలగడం ఒక ఎత్తు, మరో డ్రైవ్ చదవగలగడం మరో ఎత్తు. మీరు దాచుకుంటున్నవి అమ్మగారి గొంతు కనుక అంత శ్రమ తగినదే. క్యాసెట్ల నుంచి ఎక్కించిన అసలు ఫైళ్ళను హార్డ్ డిస్కు నుంచి తొలగించకండి.

నీలిఅద్దం

నా సలహా ఇక్కడికి వర్తించదని ఇప్పుడు స్పష్టంగా తెలిసింది. నాది డ్రైవ్ కనిపించని సమస్య, వీరిది రాయలేని సమస్య. రెండింటినీ ఒకే గాటన కట్టాను. పాతకీబోర్డు గారికి ధన్యవాదాలు. నా దగ్గర కూడా కిటికీ దగ్గర ఒక డబ్బా ఉంది, ఇప్పుడే బీరువాలోకి మార్చాను.

రాగమాలిక

8ఎక్స్‌లో మూడు డీవీడీలు పూర్తయ్యాయి. మూడూ వెరిఫై అయ్యాయి, మూడింటినీ మిత్రుడి కంప్యూటర్‌లో పెట్టి చివరి ఫైలు దాకా కాపీ చేసి చూశాను, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. చెల్లెలి కోసం ఆడియో సీడీలలో మొదటిది ఇందాకే ఫైనలైజ్ అయింది. రేపు ఆమె ప్లేయర్‌లో వినిపించాక మిగిలిన నాలుగూ రాస్తాను. పాత డబ్బాలో మిగిలిన డిస్కుల మూత మీద 'వాడకూడదు' అని రాసి పక్కన పెట్టాను.